నా కోడ్‌ను ఒకరు కూర్చుని చదివారు

నవంబర్, ఆదివారం రాత్రి. పానగల్.

పొద్దంతా దుకాణంలోనే. ఇది వడ్ల కాలం. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కాంటా అయ్యి ఖాతాలో పైసలు పడేదాకా ఊళ్లో ఎవరి చేతిలోనూ డబ్బు ఆడదు. నూనె ప్యాకెట్, చాయ్‌పత్తా, సబ్బులు అన్నీ "రాసుకో బిడ్డా" మీదే పోతున్నాయి. నా మనసు మాత్రం మధ్యాహ్నం నుంచే సాయంత్రం ఏడు గంటల కాల్ మీద ఉంది. కోడింగ్ నేర్పే మెంటర్‌షిప్ మొదలయ్యేది ఇవాళే.

వాలంటీర్లు నడిపే ప్రోగ్రాం ఇది. ఫీజు లేదు. నేర్పేవాళ్లంతా ఉద్యోగాలు చేసుకుంటూ వాళ్ల ఆదివారాలు మాకిస్తున్నారు. ఒక్కో మెంటర్ దగ్గర ముగ్గురం. దరఖాస్తులో మార్కులు అడగలేదు. వారానికి ఎన్ని గంటలు పెట్టగలవు, ఏం తయారు చేయాలని ఉంది అని అడిగారు. ఉద్యోగం ఇప్పిస్తామని ఎక్కడా రాయలేదు. నాకు నమ్మకం కుదిరింది అందుకే.

నాన్నకు కుదరలేదు. "పైసల్ తీసుకోకుంట ఎవరు చెప్తరు? ఇయ్యాల ఫ్రీ అంటరు, రేపు రిజిస్ట్రేషన్ అంటరు." ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఉద్యోగం పేరుతో డబ్బు కట్టి మోసపోయిన అబ్బాయి మా వీధిలోనే ఉన్నాడు. అందుకే వాదించకుండా గిట్ సంగతి చెప్పాను. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం రాసేవాళ్లు తమ కోడ్ మార్పులు భద్రపరచుకోవడానికి వాడే ఒక సాఫ్ట్‌వేర్ 2005లో వాళ్లకు ఉచితంగా దొరకడం ఆగిపోయింది. అప్పుడు లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ దాని బదులు గిట్ రాసి, ఎవరైనా వాడుకోండని విడిచిపెట్టాడు. మేం నేర్చుకోబోయేది దానితోనే. అంతా విని "మరి ఆయనకేం మిగిలింది?" అన్నాడు నాన్న. నాకు జవాబు తోచలేదు.

ఏడింటికి కాల్. మెంటర్ అక్కది వనపర్తి దిక్కు, ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది. ముందు ఏదో క్లాసు చెబుతుందనుకున్నాను. స్క్రీన్ షేర్ చేస్తే దాని మీద నా కోడే ఉంది! మొన్న పంపిన పుల్ రిక్వెస్ట్, అంటే నా కోడ్ చూసి కలుపుకోమని పెట్టిన అభ్యర్థన. అది మా దుకాణం ఉద్దెర లెక్కల ప్రోగ్రాం. వరుస వరుసకీ పక్కన ఆమె రాసిన కామెంట్లు. డిగ్రీలో మూడేళ్లు కంప్యూటర్ ల్యాబ్‌కు వెళ్లాను. రికార్డు బుక్‌లో సంతకం పెట్టినవాళ్లున్నారు గానీ, అందులో నేనేం రాశానో చదివినవాళ్లు లేరు. ఆ స్క్రీన్ చూస్తూ కాసేపు మాట రాలేదు నాకు.

"రూపాయలు దశాంశాల్లో ఎందుకు పెట్టినవ్?" అని అడిగింది ముందు. నేను కోడ్ రాసిన భాష పైథాన్‌లో 0.1, 0.2 కూడి చూడమంది. 0.30000000000000004 వచ్చింది. కంప్యూటర్ లెక్కంతా బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే కాబట్టి, 0.1ని సరిగ్గా ఉన్నదున్నట్టు పట్టుకోలేదట. డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచమంది.

రెండోది పేర్ల సంగతి. ప్రింట్ చేస్తే పేర్లు, బాకీలు ఒక వరుసలో నిలబడటం లేదు. "రాములు" మన కంటికి మూడక్షరాలు, పైథాన్ లెక్కలో ఆరు. కంప్యూటర్‌లో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో ర వేరు, దాని దీర్ఘం వేరు, మ వేరు, దాని కొమ్ము వేరు, ప్రతిదానికీ సొంత నంబరు. ఖాళీలు పెట్టి సర్దితే కుదరకపోవడం అందుకే. పేర్లు ఇంగ్లిష్‌లో రాసెయ్ అంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అక్క అలా అనలేదు. ఈ లెక్క చూడాల్సింది మీ నాన్న కదా, తెలుగులోనే ఉండనీ, కామాలతో విడదీసిన సీఎస్వీ ఫైల్‌గా రాస్తే వరుసల సంగతి స్ప్రెడ్‌షీటే చూసుకుంటుంది అంది. ఎవరి కోసం రాస్తున్నానో కూడా ఆలోచించి చదివిందన్నమాట.

తర్వాత నారాయణపేట అబ్బాయిది, కొల్లాపూర్ అమ్మాయిది కూడా ఇలాగే చూసింది. కొల్లాపూర్ అమ్మాయి ఫంక్షన్లకు, అంటే ఒక్కో పని చేసే కోడ్ ముక్కలకు, పెట్టిన పేర్లు ఎంత బాగున్నాయో! చదవగానే పని తెలిసిపోతోంది. వచ్చే ఆదివారానికి ముగ్గురం టెస్టులు రాసి పంపాలి. ప్రోగ్రాం ఎక్కడెక్కడ తడబడవచ్చో మేమే ముందుగా వెతికి, ఒక్కోదానికి ఒక టెస్ట్ రాయాలి.

అన్నం తింటుంటే నాన్న అడిగాడు, "ఆ బిడ్డ మొత్తం చదివిందా?" చదివిందని చెప్పి టెస్టులంటే ఏంటో వివరించాను. కాసేపు ఆలోచించాడు. "ఒకాయన పాత బాకీ సగం కట్టి, అప్పుడే ఇంకింత సామాను కొంటపోతడు. నువ్వు ముందు తీసేస్తవా, ముందు కలుపుతవా? బాకీ అయిదు వేలు దాటితే నేను ఉద్దెర ఇయ్య గదా, మరి అప్పుడెట్ల?" ఏది ముందు రాయాలో నేనసలు అనుకోనే లేదు. బాకీ పరిమితి అన్నది నా కోడ్‌లోనే లేదు. మొదటి టెస్ట్ అదే. ఉద్దెర పుస్తకంలో అలాంటివి ఇంకా ఉన్నాయట, రేపు దుకాణం తెరిచాక పక్కన కూర్చుని చూపిస్తానన్నాడు.