రెండు నిప్పుల నడుమ

యెరూషలేము వెళ్లినవాళ్లు యేసును సిలువ వేసిన కల్వరి దగ్గర ఏడుస్తారని విన్నాను. నాకు మాత్రం సీయోను కొండ తూర్పు వాలులో, ఆయన శిష్యుడు పేతురు కోడి కూసేలోగా ‘ఆయనెవరో ఎరుగను’ అని మూడుసార్లు బొంకిన చోటుగా చెప్పే గుడి దగ్గర ఏడుపు ఆగలేదు. గాలికాంటు అంటారు దాన్ని. లాటిన్‌లో కోడికూత అని. ఇప్పుడున్న కట్టడం 1931 నాటిది. కప్పు మీద బంగారు రంగు కోడిపుంజు. ఆవరణలో దాసి, సైనికుడు, పేతురు విగ్రహాలు. కింద లాటిన్‌లో ‘నేనతని నెరుగను’.

నేనూ అన్నాను ఆ మాట. అన్నయ్య అప్పుల్లో కూరుకుపోయిన రోజుల్లో నా ఆఫీసుకి వచ్చాడు. "మీవాడా?" అని ఎవరో అడిగితే "తెలీదండీ" అన్నాను. తలుపు తెరిచే ఉంది. అన్నయ్య నా వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయాడు. ప్రభువు తిరిగి పేతురు వైపు చూచెను అని లూకా సువార్తలో చదివినప్పుడల్లా ఆ చూపే గుర్తొస్తుంది. ఎన్ని ప్రార్థనల్లో ఒప్పుకున్నానో! దేవుడి ముందు ఒప్పుకున్నంత తేలిగ్గా అన్నయ్య ముందు ఒప్పుకోలేకపోయాను.

గుడి అడుగున రాతిని తొలిచిన లోతైన గొయ్యి ఉంది. అక్కడ, చీకటి గుంటలోంచి దేవుడికి మొరపెట్టే 88వ కీర్తన చదువుతారు. నేను సగంలో ఆగిపోయాను.

మర్నాడు గలిలయ. తబ్గాలో సరస్సు ఒడ్డునే చిన్న నల్లరాతి గుడి, 1933లో కట్టింది. లోపల నేలలోంచి లేచిన సున్నపురాతి బండ. మరణం నుంచి లేచిన ప్రభువు శిష్యులకు భోజనం పెట్టింది దాని మీదేనని నమ్మకం. చెయ్యి ఆనించాను, చల్లగా ఉంది.

పేతురు బొంకింది బొగ్గుల నిప్పు దగ్గర. ఇక్కడ ప్రభువు చేపలు కాల్చిందీ బొగ్గుల నిప్పు మీదే. గ్రీకులో రెండు చోట్లా ఒకే పదం, కొత్త నిబంధనలో మరెక్కడా రాదు. "ఎందుకలా అన్నావు?" అని ప్రభువు అడగలేదు. ముందు రండి, భోజనం చేయండి అన్నాడు. తర్వాతే "నన్ను ప్రేమించుచున్నావా?" అని మూడుసార్లు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. ఆ నొప్పి లేకుండా మానే గాయం కాదది.

నీళ్లలో పాదాలు పెట్టి, వణికే చేత్తో ఫోన్ చేశాను. "అన్నయ్యా..." అన్నాక గొంతు పెగల్లేదు.

"ఏరా, ఏమైనా తిన్నావా?" అన్నాడు.