మీ పాప ఇప్పుడెలా ఉంది?

పిల్లల క్యాన్సర్ వార్డులో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. అడిగినవాళ్ళ తప్పు ఏమీ లేదు. బిడ్డకు వచ్చిన రోగం పేరు తెలిసి రెండు రోజులైనా కాని తల్లికి, అదే రోగం వచ్చిన మరో బిడ్డ తల్లి ఎదురుగా కూర్చుంటే, ముందుగా తెలుసుకోవాలనిపించేది ఆ బిడ్డ క్షేమమే కదా. మొదటిసారి ఆ ప్రశ్న ఎదురైనప్పుడు నేను "బాగుంది" అన్నాను. మా పాప చనిపోయి అప్పటికి పదకొండు నెలలు. ఆ ఒక్క మాట అన్నందుకు ఇంటికి వచ్చాక రెండు రోజులపాటు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మరొకరికి సాయపడాలని వెళ్ళి అబద్ధమాడి వచ్చాను గనుక, ఇకమీదట వెళ్ళాలా మానాలా అన్నది ముందు తేల్చుకోవలసి వచ్చింది.

పాపకు ఐదేళ్ళు నిండిన కొద్ది వారాలకే కాళ్ళు నొప్పులంటూ రాత్రిళ్ళు లేచి ఏడవడం మొదలుపెట్టింది. ఎదిగే వయసులో అవి మామూలేనని అనుకున్నాం. ఆ తరువాత ఉండి ఉండి వచ్చే జ్వరం, పాలిపోయిన పెదవులు, వీపు మీదా పొట్ట మీదా కమిలిన మచ్చలు. పరిగెత్తి ఆడుకునే పిల్లలకు దెబ్బలు మోకాళ్ళ మీద ఉంటాయి గాని పొట్ట మీద ఉండవన్న సంగతి నాకు తట్టలేదు. రక్త పరీక్ష అయిన మర్నాడే ఎముక మజ్జ పరీక్ష చేశారు. రోగం అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదేననీ, వైద్యం సరిగ్గా అందే చోట పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది నయమై ఎదుగుతున్నారనీ డాక్టరు గారు నిదానంగా చెప్పారు. మేము ఆ తొమ్మిదినే పట్టుకున్నాం. మిగిలిన ఆ ఒక్కటి ఎవరింటి లెక్కో అనుకున్నాం.

వైద్యం రెండేళ్ళకు పైగా సాగుతుందన్నారు. అందులో మొదటి నాలుగు వారాలు కఠినమైనవి. సూది ద్వారా విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేజ్, నోటి ద్వారా డెక్సామెథసోన్, వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇచ్చారు. విన్‌క్రిస్టిన్‌ను బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీస్తారని నర్సు చెప్పినప్పుడు పాప ముచ్చటపడింది, ఆ మందు వల్లే కొన్నాళ్ళకు పాదం సరిగ్గా పైకి లేవక నేలకు తపతప కొట్టుకుంటూ నడిచింది. డెక్సామెథసోన్ వేసుకున్న రోజుల్లో అర్ధరాత్రి రెండు గంటలకు ఆకలని లేచేది, కారణం లేకుండా కోపగించుకునేది. మా పాప ఇలాంటిది కాదే అని నేను కుమిలిపోతుంటే, పక్క మంచం తల్లి "అది మందు కోపమమ్మా, పిల్ల కోపం కాదు" అంది. అంతమంది వైద్యుల మాటల మధ్య ఆ నెలలో నాకు అన్నిటికంటే పనికివచ్చిన వాక్యం అదే.

ఆ నెల మూడో వారం మేము చేసిన పొరపాటును ఇక్కడ రాయకుండా దాటలేను. ఇంటికి పంపిన రెండో రోజు రాత్రి పాప ఒళ్ళు వెచ్చబడింది. థర్మామీటరు 38.3 డిగ్రీల సెల్సియస్ చూపింది. జ్వరమే కదా అని పారాసిటమాల్ ఇచ్చి, తెల్లవారాక చూద్దామనుకున్నాం. మందుకు జ్వరం దిగింది గాని రోగం దిగలేదు. కీమో, అంటే క్యాన్సర్ మందుల వైద్యం, నడుస్తున్న పిల్లల్లో సూక్ష్మక్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరు రక్తానికి 500 కంటే తక్కువకు పడిపోయినప్పుడు, 38 డిగ్రీల జ్వరం కూడా అత్యవసరమే. వెంటనే ఆసుపత్రికి చేరి, చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించుకోవాలి. డాక్టరును అడగకుండా జ్వరం మాత్ర ఇవ్వడమంటే ప్రమాద ఘంటికను మూసిపెట్టడమే. పొద్దున్నకు పాప చేతులు చల్లబడ్డాయి, రక్తపోటు పడిపోయింది, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఈ మాట ఉన్నదన్నది నిజమే. పదిహేడు సూచనల మధ్య, చేతులు కడుక్కోవాలన్న దానికీ మళ్ళీ రావలసిన తేదీకీ నడుమ అచ్చయి ఉంది. నోటితో చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

పాప ఆ గండం గట్టెక్కింది. మజ్జలో రోగకణాలు కనిపించడం లేదన్నారు. జుట్టు మళ్ళీ వచ్చింది. పన్నెండో నెలకు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక మాత్ర, వారానికొకసారి మరికొన్ని మాత్రలు, అప్పుడప్పుడూ రక్త పరీక్షలు, అంతవరకే మిగిలింది. పద్నాలుగో నెలలో రోగం తిరగబెట్టింది. వైద్యం నడుస్తుండగానే తిరగబెట్టడం అన్నిటికంటే గడ్డు పరిస్థితి అని ఈసారి డాక్టరు గారు ముందుగానే చెప్పారు. రోగం మళ్ళీ అదుపులోకి వస్తే మజ్జ మార్పిడి చేద్దామనుకున్నారు, అది అదుపులోకి రాలేదు. ఇరవయ్యో నెలలో, ఏడేళ్ళు నిండకముందే, మా ఇంట్లో తన మంచం మీదే పాప వెళ్ళిపోయింది. ఆ చివరి రోజుల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. అడిగినవాళ్ళకు మాత్రం అంతా చెబుతాను, ఆ సంగతికి వస్తాను.

తరువాతి ఏడాది నేను అనారోగ్యంతో ఉన్నానని చెప్పడమే న్యాయం. దుఃఖానికి రోగమన్న పేరు తగదంటారు, కాని నిద్ర లేదు, ఆకలి లేదు, గుండెదడ ఉంది, బరువు తగ్గింది. రాత్రి తొమ్మిదింటికి మాత్ర వేయమని గుర్తుచేసే అలారం ఫోనులో అలాగే ఉండిపోయింది. అది మోగినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చేది. మా వారు దాన్ని తీసేయబోతే నేను పోట్లాడాను. నాలుగు నెలల తరువాత మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. అందుకు ఒక రకంగా మా పెద్దవాడే కారణం. తొమ్మిదేళ్ళ వాడు ఒక రాత్రి, "నేను ఒకసారి దాన్ని తోసేశాను కదమ్మా, అందుకే వచ్చిందా?" అని అడిగాడు. అన్ని నెలలూ వాడు ఆ ప్రశ్నను లోపల పెట్టుకుని బడికి వెళ్ళి వచ్చాడు. తోడబుట్టిన పిల్లలు రోగానికి తామే కారణమనుకోవడం ఎంత సాధారణమో నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అది ఎవరి వల్లా రాలేదనీ, అది అంటుకునే రోగం కాదనీ వాడికి చెప్పడానికి ముందు నా నోరు బాగుపడవలసి వచ్చింది.

నిద్రపట్టని ఆ రాత్రుల్లో, పిల్లల్ని ఇలాగే పోగొట్టుకున్నవాళ్ళు ఏం చేశారోనని చదువుతుండేదాన్ని. అమెరికాలో అలెగ్జాండ్రా స్కాట్ అనే పాపకు పసితనంలోనే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ వచ్చింది. నాలుగేళ్ళ వయసులో, 2000లో, తనలాంటి పిల్లల వైద్యం కోసమని ఇంటి ముందు నిమ్మరసం అమ్మింది. 2004లో ఎనిమిదేళ్ళకు చనిపోయేనాటికి ఆ పేరున పది లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి, ఆ పనిని తల్లిదండ్రులు ఆ తరువాత కూడా కొనసాగించారు. చదివి గౌరవం కలిగింది. నిజం చెప్పాలంటే కొంత చిరాకు కూడా కలిగింది. సంస్థ పెట్టే శక్తి, పదిమందిలో నిలబడి మాట్లాడే శక్తి నాకు లేవు. అవి లేని తల్లి తన బిడ్డ పేరు నిలబెట్టలేనట్టేనా అనిపించింది.

నన్ను నిజంగా కదిలించింది మరొకటి. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు అమైనోప్టెరిన్ అనే మందు ఇచ్చి, ఆ ఫలితాలను 1948లో ప్రచురించాడు. రోగం ముదిరిన పదహారుమందిలో పదిమందికి కొంతకాలం నెమ్మదించింది. కొంతకాలమే, రోగం మళ్ళీ తిరగబెట్టింది. మా పాప వెన్నులోకి ఎక్కించిన మెథోట్రెక్సేట్ ఆ మందుకు చాలా దగ్గరి చుట్టం. అప్పట్లో ఈ రోగం వస్తే కొద్ది నెలల్లో ముగిసిపోయేది. ఈనాడు పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది బతుకుతున్నారంటే, ఆ బతకని పిల్లల మీద ఒక్కొక్క మందూ ఒక్కొక్క మోతాదూ సరిచూసుకుంటూ రావడం వల్లనే. మా పాపకు దొరికిన ఆ పద్నాలుగు నెలలు, ముఖ్యంగా జుట్టు వచ్చి బడికి వెళ్ళిన ఆ చివరి రెండు నెలలు, నాకు ముఖం తెలియని తల్లుల బిడ్డల నుంచి అందాయి. పెద్ద పని చేయలేకపోయినా, ఆ వరుసలో చివర చేతులు ముడుచుకుని నిలబడటం నాకు ఇష్టం లేకపోయింది.

అలా వార్డుకు వెళ్ళాను, వెళ్ళి "బాగుంది" అని వచ్చాను.

ఆ సంగతిని అక్కడి సామాజిక కార్యకర్తతో ఒప్పుకున్నప్పుడు ఆమె నన్ను ఓదార్చలేదు. "మీరు తప్పు మంచం దగ్గర కూర్చున్నారు" అంది. ఆలోచించిన కొద్దీ ఆ మాటలోని న్యాయం అర్థమైంది. కొత్తగా వచ్చిన కుటుంబానికి కావలసింది వైద్యం ముగించుకుని గంతులు వేస్తున్న బిడ్డ తల్లి, వాళ్ళకు నిజం చెబితే భయం, అబద్ధం చెబితే ద్రోహం. కాని అదే వార్డులో, రోగం తిరగబెట్టిన బిడ్డ మంచం దగ్గరికి ఆ గంతులు వేసే బిడ్డ తల్లి రాదు. రావడానికి ఆమెకు భయం, చూడటానికి వీళ్ళకు కష్టం. అప్పటిదాకా రోజూ పలకరించినవాళ్ళే గుమ్మం దగ్గరి నుంచి చేయి ఊపి వెళ్ళిపోతారు. మాకూ అదే జరిగింది. నేను కూర్చోవలసిన మంచం అది.

అందుచేత ఇప్పుడు నా పని రెండు తీరులుగా సాగుతోంది. మొదటిదానిలో నేను కనబడను. జ్వరం గురించి నాలుగే నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో అట్టల మీద రాయించాను: జ్వరం 38 డిగ్రీలకు చేరితే ఏ వేళైనా బయలుదేరాలి, డాక్టరును అడగకుండా జ్వరం మాత్ర ఇవ్వకూడదు, రాగానే కీమో బిడ్డ అని చెప్పాలి, సంచి ఎప్పుడూ సర్ది ఉండాలి. డాక్టర్లు చూసి సరేనన్నాక, వైద్యం ముగించుకున్న పిల్లల తల్లిదండ్రులు వాటిని కొత్తవాళ్ళకు ఇచ్చి, పక్కన కూర్చుని ఒక్కొక్క వాక్యమూ చదివి వినిపిస్తారు. కాగితం ఇచ్చి ఊరుకోకూడదన్నది నేను పెట్టిన ఒకే ఒక షరతు. ఆ అట్ట మీద మా పాప పేరు వేద్దామని కొందరన్నారు, వద్దన్నాను. ఆ పేరు చూసి ఎవరో ఒకరు మళ్ళీ అదే ప్రశ్న అడుగుతారు.

రెండోది నేనే స్వయంగా చేస్తాను. రోగం తిరగబెట్టిన కుటుంబాలు, వైద్యం ఇక పనిచేయడం లేదని విన్న కుటుంబాలు ఒప్పుకుంటేనే వాళ్ళ దగ్గరికి వెళతాను. అక్కడ ధైర్యం చెప్పను. బలమైన నొప్పి మందు మార్ఫిన్ మొదలుపెడదామని డాక్టరు అంటే చాలామంది తల్లిదండ్రులు అది ఓటమి అనుకుంటారు, బిడ్డ మందుకు బానిసవుతుందేమోనని కూడా భయపడతారు. నొప్పిని తగ్గించే ఉపశమన వైద్యం చివరి ఘడియల కోసం దాచిపెట్టేది కాదనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు పిల్లల విషయంలో రోగం బయటపడిన నాడే మొదలై, కీమో నడుస్తున్నా పక్కనే నడవవలసినదనీ చెబుతాను. సరైన మోతాదులో మార్ఫిన్ పడ్డ రోజు మా పాప తిరిగి బొమ్మలు గీసిందని కూడా చెబుతాను. ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే, ఆ బిడ్డ లోపల ఏ ప్రశ్న దాచుకుందో అడగమంటాను. తరచుగా ఏమీ చెప్పకుండా కూర్చుంటాను, తల్లి స్నానం చేసి వచ్చేదాకా బిడ్డ పక్కన ఉంటాను.

ఇది నన్ను నయం చేసిందా అని స్నేహితులు అడుగుతుంటారు. కొన్ని కుటుంబాల దగ్గరి నుంచి వచ్చాక వారం రోజులు మళ్ళీ నిద్ర పట్టదు. ఒకసారి వరుసగా రెండు కుటుంబాలను ఒప్పుకుని, రెండో చోట నాకే ఏడుపు ఆగక, ఆ తల్లి లేచి నన్ను ఓదార్చవలసి వచ్చింది. అది సాయం కాదు, వాళ్ళ మీద నేను మోపిన బరువు. అప్పటి నుంచి ఒక కుటుంబం తరువాత కొన్ని వారాలు ఆగుతాను, పాప పుట్టినరోజు ఉన్న నెలలో అసలు వెళ్ళను. ఆకలి తిరిగి వచ్చింది. పెద్దవాడు చెల్లెలి గురించి నవ్వుతూ మాట్లాడుతున్నాడు. తొమ్మిదింటి అలారం మాత్రం ఇంకా తీయలేదు, మా వారు కూడా ఇప్పుడు అడగడం మానేశారు.

ఈ మధ్య ఒక తండ్రి దగ్గర కూర్చున్నాను. ఆయన కొడుకుకు వైద్యం ఆపి ఇంటికి తీసుకువెళ్ళాలని ఆ ఉదయమే నిర్ణయించుకున్నారు. చాలాసేపు కిటికీవైపు చూసి, "మీ పాప ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగాడు. చనిపోయిందని చెప్పాను. ఆయన ముఖంలో నేను భయపడినది ఏదీ కనిపించలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "అయితే చివరి రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా" అన్నాడు. తెలుసన్నాను. ఊపిరి మధ్య విరామాలు ఎలా పెరుగుతాయో, గొంతులో వచ్చే గురక చప్పుడు వినేవాళ్ళకు కష్టంగా ఉన్నా సాధారణంగా బిడ్డకు బాధ కలిగించదని మాకు డాక్టరు ఎలా చెప్పారో, ఆ రాత్రి ఎవరికి ఫోను చేయాలో ముందే రాసిపెట్టుకోవడం మాకు ఎంత పనికివచ్చిందో చెప్పాను. ఆయన జేబులోంచి ఆసుపత్రి రసీదు ఒకటి తీసి, దాని వెనకవైపు రాసుకోవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి ఆపి, కొంచెం నెమ్మదిగా చెప్పమన్నాడు.