పెద్దాపరేషన్ తర్వాత నొప్పిని ఓర్చుకోకండి

మా సర్జికల్ వార్డులో పొద్దున్నే "నొప్పి ఎలా ఉందమ్మా?" అని అడిగితే, కడుపు ఆపరేషన్ అయిన ఆడవాళ్లు ఎక్కువగా చెప్పే మాట "పర్లేదు సిస్టర్, ఓర్చుకుంటున్నా". ఆ మాటకి నాకు భయం. నొప్పి ఓర్చుకునేవాళ్లు గట్టిగా దగ్గరు, నిండా ఊపిరి పీల్చరు, మంచం దిగరు. కఫం ఊపిరితిత్తుల అడుగున చేరి నిమ్ము చేస్తుంది. పిక్కల్లో రక్తం గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికే వస్తుంది.

అందుకే మొదటి రోజుల్లో నొప్పి మాత్ర చీటీలో రాసిన టైముకి పడాల్సిందే. నడిచే ముందు పడితే ఇంకా మంచిది. పారాసిటమాల్ పెద్దవాళ్లకైనా 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచగా ఉన్నవాళ్లకీ లివర్ జబ్బున్నవాళ్లకీ అంతకన్నా తక్కువే. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర మాత్రం తెచ్చుకోకండి. కిడ్నీ జబ్బో అల్సరో ఉంటే చాలా చెరుపు చేస్తుంది. ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మందు రాస్తే విరేచనం గట్టిపడుతుంది, ముక్కితే భారమంతా కుట్ల మీదే. దానికీ మందు అడగండి.

గర్భసంచి తీయించుకున్న ఒక పెద్దమ్మ లేవాలంటే వెల్లకిలా నుంచే నడుం ఎత్తబోయేది. ఎత్తిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు. పక్కకి ఒత్తిగిల్లించి, మోకాళ్లు ముడిపించి, కాళ్లు మంచం కిందికి జారుతుండగా మోచేతి మీద ఆనుకుని లేవమన్నాను. లేచి కూర్చుంది! దుప్పటి మడతపెట్టి కోత మీద రెండు చేతులా అదుముకుని దగ్గమంటే, కఫం తెగి వచ్చింది. ఆ సాయంత్రం కోడలి చెయ్యి పట్టుకుని వరండా చివరిదాకా నడిచింది.

ఆ కోడలు తెచ్చిన క్యారేజీలో చారన్నమే ఉంది. "పప్పు తింటే చీము పడుతుందంట కదా సిస్టర్?" చీము పట్టించేది సూక్ష్మక్రిములు, పప్పు కాదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. డాక్టర్ మామూలు తిండి పెట్టమన్నాక పప్పూ గుడ్డూ పెట్టండి. షుగర్ ఉంటే అదుపులో ఉంచండి. కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె, పౌడర్ ఏదీ వద్దు. బిందెలు, పిల్లలు, బియ్యం బస్తాలు ఆరు వారాల పాటు ఎత్తనివ్వకండి.

ఇంటికెళ్లాక రోజూ వెలుతురులో కోతని చూడండి. ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉన్నా, చీము వచ్చినా, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, జ్వరం 100.4 దాటినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఒక పిక్క వాచినా అంతే. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి. మాటిమాటికీ వాంతులై పొట్ట ఉబ్బి గ్యాస్ పోకపోతే రాత్రయినా ఆగొద్దు. కట్టు ఒక్కసారిగా గులాబీ రంగు నీళ్లతో తడిసిందంటే లోపలి కుట్లు విడుతున్నాయేమో. మోకాళ్లు ముడిపించి పడుకోబెట్టండి, శుభ్రమైన తడిగుడ్డ కప్పండి, తిండీ నీళ్లూ ఇవ్వకుండా 108లో తీసుకురండి.