పర్లాకిమిడి చిన్న రైలు, మా అమ్మ రవ్వ జల్లెడ

మాది పర్లాకిమిడి. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు 2004లో ఆగిపోయి, ఆ దారి బ్రాడ్‌గేజ్ అయిపోయింది. ఆ పాత రైలుకి బుల్లి నమూనా చేసి మేడమీద గదిలో, ఆరడుగుల ప్లైవుడ్ మీద నడపాలని నా పిచ్చి.

లెక్క తేలిగ్గానే కుదిరింది. అసలు పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు. నా నమూనా అసలుకి 87వ వంతు, ఆ లెక్కన 8.76. అంటే 9 మిల్లీమీటర్ల ఎన్ స్కేల్ ట్రాక్ సరిపోవాలి. కానీ ఎన్ స్కేల్ అంటే పెద్ద రైలుని 160వ వంతుకి కుదించడం, దాని స్లీపర్లు (పట్టాల కింద అడ్డ దిమ్మలు) ఆ కొలతకి చేసినవి, మన బండి కింద దువ్వెన పళ్లలా ఉంటాయి. ఖరీదైనా న్యారోగేజ్ (చిన్న రైలు) నమూనాల కోసం చేసిన ట్రాకే తెప్పించాను.

అంతకుముందు చవగ్గా వస్తున్నాయని పాత ఇత్తడి పట్టాలు కొని దెబ్బతిన్నాను. రెండు వారాల ముసురుకే నల్లబడ్డాయి. బుల్లి ఇంజన్‌కి కరెంటు పట్టాల నుంచే అందాలి, ఇత్తడికి పట్టిన చిలుము దాన్ని సరిగ్గా పోనివ్వదు. ఇంజన్ జానెడు నడిచి ఆగడం, నేను రబ్బరుతో రుద్దడం. కొత్తవి నికెల్ సిల్వర్. పేరే గానీ వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. పూజ సామాన్లలో జర్మన్ సిల్వర్ అంటామే, అదే.

అసలు తిప్పలు పట్టాల కింద పోసే కంకర దగ్గర. పెద్ద లైన్లలో వేసేది 65 మిల్లీమీటర్ల రాయి, 87వ వంతుకి ముప్పావు మిల్లీమీటరు. బొంబాయి రవ్వంత అన్నమాట. (రవ్వే వాడెయ్యమన్నాడు మా బావ. చీమలకి విందు!) మహేంద్రతనయ నది ఇసుక ఆరబెట్టి అయస్కాంతం తిప్పితే నల్ల రేణువులు గడ్డంలా అంటుకున్నాయి. ఇంజన్ మోటారులోనూ అయస్కాంతమేగా, ఇవి అందులోకి దూరితే అంతే సంగతులు. చివరికి క్రషర్ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి) బస్తాడు తెచ్చి, కడిగి, జల్లించి, దానికీ అయస్కాంతం పెట్టి చూశాను.

"నా రవ్వ జల్లెడ ఏటి చేసినావురా?" అని అమ్మ. కొత్తది కొనిచ్చాను.

ఆ పొడిని అతికించడానికి ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. ఆ చుక్క లేకపోతే నీళ్లు ముత్యాల్లా దొర్లి రాళ్లని ఎత్తుకుపోతాయి. పసిపిల్లల మందు డ్రాపర్‌తో వేశాను. పాయింట్ల దగ్గర (రైలుని పక్క లైనుకి మళ్లించే కదిలే పట్టాలు) మాత్రం చెయ్యి తొందరపడింది, జిగురు లోపలికి దిగి ఒకటి బిగుసుకుపోయింది. సూదితో గీకినా ఒక వైపుకే కదులుతోంది. ప్రస్తుతానికి నా గుణుపురం స్టేషన్లో లూప్ లైన్ (పక్క లైను) మూసేశాం.