పిల్లల చలి బట్టలు, పెద్దల చలి భయాలు

ఏడాది పొడవునా ఉక్కపోసే దేశంలో పుట్టి పెరుగుతున్న పిల్లలకి చలి గురించి ఎంత చెప్పినా బుర్రకెక్కదు. మా ఇద్దరు పిల్లలకీ తెలిసిన చలల్లా మాల్‌లో ఏసీ, విమానంలో ఏసీ. వాటికి ఒక హుడీ చాలు. అందుకే ఈసారి సెలవులకి మంచు కురిసే చోటికి వెళ్దామనగానే పదేళ్ల పెద్దమ్మాయి తన సర్దుడు అరగంటలో ముగించేసింది. రెండు హుడీలు, రెండు జీన్సులు, గుడ్డ బూట్లు. అవతల వీడియో కాల్‌లో మా అమ్మ ఇంకో జాబితా చదివింది. స్వెట్టర్ మీద స్వెట్టర్, దానిమీద శాలువా, మెడకి మఫ్లర్, తలకి మంకీ క్యాప్. “పిల్లలకి గాలి సోకనివ్వకే. అసలే అలవాటు లేని ఒళ్ళు.”

అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. మేం పెరిగిన ఇళ్లలో హీటర్లు లేవు, తలుపు సందుల్లోంచి గాలి కొట్టేది. చలికాలం తెల్లవారుజామున బయట ఎంత చలో లోపలా అంతే. కాబట్టి పొద్దున కప్పుకున్నది ఎండెక్కేదాకా ఒంటి మీదే ఉండేది. మంచు పడే దేశాల్లో లెక్క వేరు. ఇంట్లో, బస్సులో, దుకాణంలో హీటర్ పెట్టి 20 డిగ్రీల పైన ఉంచుతారు. తలుపు తీస్తే సున్నాకి దిగువ. ఒక్క పూటలోనే ఇందులోంచి అందులోకి ఎన్నోసార్లు రావాలి, పోవాలి. ముద్దగా చుట్టేసిన పిల్లవాడు లోపలికి రాగానే చెమటతో తడుస్తాడు, ఆ తడితోనే మళ్లీ బయటికి వెళ్తాడు. చెమటే అక్కడ అసలు శత్రువు. అందుకే మా ఇంట్లో కొనుగోళ్లకి నేను పెట్టిన షరతు ఒక్కటే: ఏది కొన్నా పిల్లలు తమంతట తాము వేసుకోగలగాలి, తీసెయ్యగలగాలి.

తడి గురించి కొంచెం చెప్పాలి. ఒంటికి వెచ్చదనాన్ని నిలిపి ఉంచేది బట్ట పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. ఆ గాలి ఉండాల్సిన చోటికి నీళ్లు చేరితే ఒంటి వేడిని లాగేస్తాయి. నీటికి వేడిని మోసుకుపోయే గుణం గాలితో పోలిస్తే దాదాపు 25 రెట్లు. ఇక్కడే మన వాళ్లందరికీ ప్రాణమైన కాటన్ చిక్కు తెచ్చిపెడుతుంది. పిల్లలకి కాటన్ తప్ప ఇంకేదీ వెయ్యకూడదన్నది అమ్మ సిద్ధాంతం, 35 డిగ్రీల ఎండలో అది అక్షరాలా నిజం కూడా. కాటన్ చెమటని పీల్చుకుంటుంది, అది నెమ్మదిగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మంచులోనూ ఆ పని మానదు. మా అమ్మాయి సర్దుకున్న జీన్సూ, హుడీలూ కాటనే కదా అంటే మొదట నమ్మలేదు. లోపల కుట్టిన పట్టీ తిప్పి చూపించాక మొహం మాడ్చుకుని పక్కన పెట్టింది, ఒక హుడీని మాత్రం హోటల్ గదిలో వేసుకుంటానని సూట్‌కేసులోకి మళ్లీ తోసేసింది. తోసుకోనీ, దానికేం.

ఒంటికి అంటిపెట్టుకుని ఉండే మొదటి పొరగా థర్మల్స్ పాలిస్టర్‌వైనా సరే, మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్నివైనా సరే. మెరినో తన బరువులో దాదాపు మూడోవంతు తేమని లోపల దాచుకుని కూడా తడిగా తగలదు, నాలుగు రోజులు వేసుకున్నా వాసన రాదు. పోగు సన్నం కాబట్టి మన చిన్నప్పటి ఉన్ని స్వెట్టర్లలా గుచ్చుకోదు. కానీ ఏడాదికో సైజు మారే పిల్లలకి నిలువెల్లా మెరినో కొనడం నా లెక్కలో దండగ. థర్మల్స్ పాలిస్టర్‌వి తీసుకుని, ఆ మిగిలిన డబ్బు మెరినో సాక్సుల మీద పెట్టండి. రెండో పొరకి ఫ్లీస్, అంటే మెత్తగా నూగులా ఉండే సింథటిక్ బట్టతో కుట్టిన పైచొక్కా. ముందువైపు పూర్తిగా జిప్ ఉన్నదే ఎంచుకోండి, తలమీంచి లాగే రకం వద్దు. లోపలికి రాగానే నాలుగేళ్లవాడు కూడా జిప్ కిందికి లాక్కోగలడు. తలమీంచి తీసేదైతే టోపీ ఊడుతుంది, చెవులు చిక్కుకుంటాయి, ఏడుపు మొదలవుతుంది, మనం పరిగెత్తాలి.

పైపొర పని గాలినీ తడినీ ఆపడం. పట్టీ మీద 10,000 మిల్లీమీటర్లు లాంటి అంకె ఉంటే అది నీటిని ఎంత ఒత్తిడి దాకా ఆపుతుందో చెప్పే కొలత. నిలబడి ఫొటోలు తీయించుకునే పెద్దలకి ఆ అంకె తక్కువైనా ఫర్వాలేదు, మంచులో కూర్చుండిపోయే పిల్లలకి కుదరదు. ఒంటి వేడికి కింద మంచు కరుగుతుంది, పైన బరువు పడుతుంది, పలచటి బట్టలోంచి నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. బాతు నూగు నింపిన డౌన్ జాకెట్లు తేలికగా, మహా వెచ్చగా ఉంటాయి గానీ తడిస్తే నూగు ఉండలు కట్టి చల్లబడిపోతుంది. మంచులో దొర్లే వయసుకి సింథటిక్ నింపిన జాకెట్టే మేలు, తడిసినా కొంత వేడి నిలుపుతుంది, ఉతకడమూ తేలిక.

సైజు దగ్గర మన అలవాటొకటి అడ్డొస్తుంది. పిల్లలకి ఏది కొన్నా వచ్చే ఏడాదికి కూడా సరిపోవాలి. జాకెట్ విషయంలో ఆ పొదుపు కొంతవరకు కలిసొస్తుంది, లోపల ఫ్లీస్ పట్టడానికి ఎలాగూ చోటు కావాలి. చేతులు రెండూ పైకెత్తించి నడుము కనబడుతోందా, గొంతుక్కూర్చుంటే వీపు బిగుస్తోందా చూస్తే చాలు. బూట్లకి మాత్రం ఆ లెక్క కుదరదు. వదులైతే పాదం జారుతూ పుండు పడుతుంది, పైనుంచి మంచు దూరుతుంది. బిగువైతే అంతకన్నా ప్రమాదం, వేళ్లకి రక్తం సరిగా అందదు. ఒకటికి రెండు జతల సాక్సులు తొడిగి బూటులోకి కుక్కితే పాదాలు ఇంకా త్వరగా చల్లబడేది ఇందుకే. మందం సాక్సు ఒక్కటి వేసి, బూటు తొడిగి, లోపల వేళ్లు ఆడించమనండి. ఆడాలి. మంచు ఆటలుండే ఊళ్లలో బూట్లు, జాకెట్లు, ప్యాంట్లు అద్దెకిస్తారు. ఒక్క వారం కోసం ఇవన్నీ కొనకుండా, థర్మల్స్, సాక్సులు, టోపీ, చేతి తొడుగులు వెంట తీసుకెళ్లి మిగతావి అద్దెకి తీసుకోవడమే తెలివి.

చేతుల దగ్గర మా అమ్మాయితో పెద్ద వాదనే జరిగింది. తనకి వేళ్లున్న గ్లవ్స్ కావాలి, అవైతే ఫోను నొక్కొచ్చు. వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్లు చంటిపిల్లల వేషంట. వేళ్లు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుంది, విడివిడిగా ఉంటే దేని చలి దానిదే. చివరికి లోపల పలచటి గ్లవ్స్, పైన మిటెన్లు అని రాజీ కుదిరింది. రాజీ అన్నానుగానీ, అలా రెండూ వేసుకోవడం అక్కడివాళ్లకీ మామూలే.

మఫ్లర్ విషయంలో అమ్మ మాట వినలేదు. పిల్లలు జారుడుబల్లల మీదా, మంచు మీద జారే స్లెడ్జి బళ్ల మీదా ఆడేటప్పుడు మెడకి చుట్టిన పొడుగాటి గుడ్డ ఎక్కడైనా చిక్కుకుంటే గొంతు బిగుస్తుంది. పిల్లల జాకెట్లకి టోపీ దగ్గరా మెడ దగ్గరా తాళ్లు ఉండకూడదని అమెరికాలో 1996లోనే భద్రతా సూచనలిచ్చారు, 2011లో దాన్ని నిబంధనగా మార్చారు. ఎవరిదగ్గరైనా పాత జాకెట్ అడిగి తెచ్చుకుంటే ముందు చూడాల్సింది ఆ తాడే. మఫ్లర్‌కి బదులు తలమీంచి వేసుకునే గొట్టంలాంటి నెక్ వార్మర్ వస్తుంది, ముక్కు దాకా లాక్కోవచ్చు.

టోపీ దగ్గర మాత్రం అమ్మే గెలిచింది, కారణం ఆవిడ చెప్పింది కాకపోయినా. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని ఆవిడ నమ్మకం. ఇది మన దగ్గరే కాదు, ప్రపంచమంతా తిరిగే మాట. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు వైద్యులు ఇలాంటి నమ్మకాల మీద రాస్తూ దాన్ని కొట్టిపారేశారు. తల ఒంట్లో ఎంత భాగమో వేడి కూడా ఇంచుమించు అంతే పోతుంది, పదో వంతు అటూ ఇటూ. కానీ ముందుగా దెబ్బతినేవి చెవులు, ముక్కు, వేళ్లే. చెవులు దాటి కిందికి దిగే ఉన్ని టోపీ తప్పనిసరి. చెవి పోగులు, చేతి గాజులు తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి, లోహం చర్మాన్ని చల్లబరుస్తుంది, పైగా మిటెన్ అంచులకి పట్టుకుంటుంది.

పెద్దమ్మాయికి నేను అప్పజెప్పిన పని వాతావరణం చూడటం. ఫోన్‌లో రెండు అంకెలుంటాయి, ఒకటి ఉష్ణోగ్రత, రెండోది గాలి కలిస్తే ఒంటికి ఎంత చలిలా తెలుస్తుందన్నది. మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే అది మైనస్ 20 కింద లెక్క. ఆ రెండో అంకె మైనస్ 28కి దిగితే, కప్పుకోని చర్మం అరగంటలోపే గడ్డకట్టొచ్చు. ఇది చెప్పిన దగ్గర్నుంచీ నేను టోపీ పెట్టుకోమని అరవనక్కర్లేకపోయింది. అమ్మ చెబితే అది చాదస్తం, ఫోన్ చెబితే సమాచారం. పోనీలెండి, ఏ దారిలో వచ్చినా సరే.

ఒక విషయంలో మాత్రం వాళ్ల ఇష్టానికి వదలను, అది కారు. దూదిబొమ్మలా ఉబ్బిన జాకెట్‌తో పిల్లల్ని కార్ సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగిస్తే, బిగించింది జాకెట్‌లోని గాలిని. గుద్దుకున్న క్షణంలో ఆ గాలంతా అణిగిపోయి పట్టీలు వదులవుతాయి, పిల్లలు అందులోంచి జారిపోవచ్చు. కావాలంటే ఇంట్లోనే చూడండి. జాకెట్‌తో కూర్చోబెట్టి బెల్టు బిగించండి, పట్టీ పొడవు మార్చకుండా విప్పండి, జాకెట్ తీసేసి మళ్లీ పెట్టండి. భుజం దగ్గర ఎంత సందు మిగిలిందో కళ్లారా కనబడుతుంది. ఫ్లీస్‌తో కూర్చోబెట్టి, బెల్టు పెట్టాక జాకెట్‌ని వెనకది ముందుకి తిప్పి చేతులు దూర్చి కప్పడమే పద్ధతి. అమ్మకి ఇది చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత “ఆ హీటర్ ముందే పెట్టి ఉంచు మరి” అంది.

ఆడుకునే పిల్లల్ని “చలేస్తోందా?” అని అడిగి లాభం లేదు. ఆట మధ్యలో ఏ పిల్లా అవునని చెప్పదు. చిన్నాడి మెడ వెనక వేలు పెట్టి చూడాలి. తడిగా ఉంటే ఒక పొర ఎక్కువైంది, చల్లగా ఉంటే చాల్లేదు. పెద్దదాన్నయితే వేళ్ల సంగతి అడగాలి: సూదులు గుచ్చినట్టుందా, అసలేమీ తెలియట్లేదా? తెలియకపోవడమే భయపడాల్సింది. సలహాలు రాసేవాళ్లు చర్మం ఎర్రబడటం, పాలిపోవడం చూడమంటారు. మన పిల్లల చామనఛాయలో ఆ ఎరుపు తేలిగ్గా కనబడదు, పాలిపోయిన చోటు బూడిద రంగుగా అనిపించొచ్చు. కాబట్టి కంటితో పాటు వేలితో చూడండి. మైనంలా నున్నగా, గట్టిగా తగిలితే లోపలికి తీసుకెళ్లి గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి, డాక్టరుకి చూపించాలి. రుద్దకూడదు. రుద్దడం మన చేతులకి దానంతటదే వచ్చే పని, అందుకే ఇంకోసారి చెప్తున్నా, రుద్దకూడదు. నల్లని ఒంటికి సన్‌స్క్రీన్ ఎందుకనే మాటా మన ఇళ్లలో ఉంది. కొత్తగా కురిసిన మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా పైకి తిప్పికొడుతుంది. మొహానికి క్రీము, కళ్లకి నల్లద్దాలు పిల్లలకీ కావాలి.

అన్నీ సమకూరాక ఏసీని బాగా చల్లగా పెట్టి ఇంట్లోనే రిహార్సల్ చేశాం. వరస పిల్లల చేతే కట్టించాం: థర్మల్స్, సాక్సులు, ఫ్లీస్, మంచు ప్యాంటు, బూట్లు, నెక్ వార్మర్, టోపీ, జాకెట్, ఆఖరున మిటెన్లు. మిటెన్లు ముందే తొడిగేస్తే తర్వాత జిప్ పట్టుకునే నాథుడుండడు. చిన్నాడి కోసం భుజాల దాకా పట్టీలుండే ప్యాంటు తెచ్చాను, నడుం దగ్గర మంచు దూరదని. అంతా తొడుక్కుని, మిటెన్లు కూడా పెట్టుకుని, హాల్లో రెండు రౌండ్లు కొట్టి, “అమ్మా, బాత్రూమ్” అన్నాడు. జాకెట్ జిప్ తీసి, జాకెట్ తీసి, భుజం పట్టీలు దింపేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు. అక్క పక్కన నిలబడి ఫోన్‌లో టైము చూస్తోంది. మర్నాడే ఆ ప్యాంటు మార్చి, నడుముకి ఎలాస్టిక్ ఉన్నది తెచ్చాను. కాస్త మంచు లోపలికి పోతే పోతుంది. ఇప్పుడు వరసలో మొదటి అంకె బాత్రూమ్, థర్మల్స్ రెండోది.