మోకాలు మార్చాక కాలికేం వేసుకోవాలి, ఒంటికేం కట్టుకోవాలి

నాకు రెండు మోకాళ్లూ మార్చారు. ముందు కుడిది, ఎనిమిది నెలలకు ఎడమది. మొదటిసారి చెప్పులు, బట్టల ఊసే తలపెట్టలేదు. రెండోసారి ఆసుపత్రికి వెళ్లకముందే అన్నీ సిద్ధం చేసుకున్నాను. రెండో కాలు తొందరగా నడక నేర్చుకుంది. అందులో చెప్పుల పాత్ర చాలా ఉందని నమ్ముతున్నాను కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

హవాయి చెప్పు జారిపోకుండా ఉండాలంటే అడుగు తీసిన ప్రతిసారీ కాలివేళ్లు ముడుచుకుని దాన్ని పట్టుకోవాలి. మామూలు రోజుల్లో అది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఆపరేషన్ అయిన కాలికి ఆ పని కూడా పెడితే పాదం నేలమీద ఈడుస్తూ నడుస్తాం, మోకాలు వంగదు. ఫిజియోథెరపిస్టు నేర్పేది దీనికి పూర్తిగా వేరు: ముందు మడమ ఆనించాలి, తర్వాత పాదమంతా మోపాలి, వేళ్లతో నేలను తోసి మోకాలు వంచి కాలు ఎత్తాలి. చెప్పు జారుతుందేమోనన్న భయం ఉన్నంతసేపు ఈ వరస రాదు. అందుకని వెనకాల పట్టీ లేని చెప్పు ఏదైనా సరే, మొదటి మూడు నెలలూ పక్కన పెట్టాల్సిందే.

కొనేటప్పుడు వెనక పట్టీ గానీ మూసిన మడమ గానీ ఉన్నది చూడండి. పైన వెల్‌క్రో పట్టీలు రెండుంటే మంచిది, వాపును బట్టి వదులు చేసుకోవచ్చు. లేసుల బూట్లయితే రోజూ ఎవరో ఒకరు వంగి కట్టాలి. మడమ ఎత్తు అంగుళానికి మించకూడదు. అడుగు రబ్బరుదై, దాని మీది గాడులు లోతుగా ఉండాలి. చెప్పును చేతిలోకి తీసుకుని వంచి చూడండి: వేళ్ల దగ్గర వంగాలి, నడిమికి మడత పడకూడదు. తువ్వాలు పిండినట్టు మెలిపెడితే మెలితిరగకూడదు. బరువు తక్కువ ఉండాలి, తొడ కండరం నీరసంగా ఉన్న రోజుల్లో బరువైన బూటు ఎత్తడమే ఒక పని. దూదిలా దిగిపోయే మెత్తటి అడుగు దుకాణంలో వేసుకున్నప్పుడు హాయిగా ఉంటుంది గానీ, నిలబడితే పాదం అటూ ఇటూ ఊగుతుంది. షుగరు ఉన్నవాళ్లు వాడే ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులు మంచివే. కాకపోతే వాటిలోనూ వెనక పట్టీ ఉన్నవి, కింద గట్టి అడుగు ఉన్నవి తీసుకోవాలి.

మరీ పట్టేసే అడుగుతో ఒక చిక్కు ఉంది. వాకర్‌తో తిరిగేటప్పుడు పాదం నేలకు అతుక్కుపోయి ఒళ్లు మాత్రం తిరిగితే మెలిక మోకాలి మీద పడుతుంది. తిరగాలంటే చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరగండి. ఒక్క పాదం మీద గిరుక్కున తిరగొద్దు.

సైజు ఎప్పుడూ సాయంత్రం చూసుకోవాలి. వాపు మోకాలి దగ్గరే ఆగదు, పగలంతా కూర్చుని తిరిగేసరికి చీలమండకీ పాదానికీ దిగుతుంది. మొదటి రెండు మూడు వారాలు ఎక్కువ, ఆపైన కొద్దికొద్దిగా తగ్గుతూ కొందరికి ఆరు నెలల దాకా ఉంటుంది. దుకాణానికి వెళ్లలేకపోతే, సాయంత్రం పూట కాగితం మీద నిలబడి, పెన్ను నిటారుగా పట్టించి రెండు పాదాల చుట్టూ గీత గీయించి పంపండి. కూర్చుని గీయిస్తే కొలత తక్కువ వస్తుంది. పెద్ద పాదానికి సరిపడా కొని, పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంచుకోండి. రెండో పాదానికి వదులైతే లోపల పాదం కింద పల్చటి ఇన్‌సోల్ వేసుకోవచ్చు.

పాత చెప్పుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. దొడ్డికాళ్లు పడి ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ల చెప్పులు తిరగేసి చూడండి, బయటి అంచు అరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు కాలు నిటారైంది. ఆ అరిగిన చెప్పు వేసుకుంటే పాదం మళ్లీ బయటికే ఒరుగుతుంది. లక్షలు పెట్టి సరిచేయించుకున్న కాలిని పాత చెప్పులో పెట్టకండి. ఆపరేషన్ అయిన కాలు పొడుగైనట్టు అనిపించడం కూడా మొదట్లో మామూలే. సొంతంగా రెండో చెప్పులో ఎత్తు పెట్టించుకోకుండా డాక్టరుకు చూపించండి.

మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే. అయినా నున్నటి టైల్స్ మీద, గ్రానైటు మీద ఒట్టి కాళ్లతోనో మేజోళ్లతోనో నడవడం ప్రమాదం. ఇంట్లోకే వాడుకునే జత ఒకటి విడిగా పెట్టుకుంటే మడి, శుభ్రం పట్టింపు ఉన్నవాళ్లకూ అభ్యంతరం ఉండదు. పాత ఇళ్లలో గడపలు ఎత్తుగా ఉంటాయి. చెప్పు ముందుభాగం వేళ్లను దాటి పొడుచుకొస్తే గడపకు తగులుతుంది. బాత్‌రూమ్‌కు చిల్లులున్న రబ్బరు చెప్పులే, అవీ వెనక పట్టీ ఉన్నవి.

మెట్టెలు, పట్టీలు, కడియాలు ఆసుపత్రిలో ఎలాగూ తీయిస్తారు. ఇంటికి రాగానే మళ్లీ తొడిగేయకండి. ఉబ్బిన వేలికి మెట్టె బిగిస్తే కింద చర్మం కోసుకుపోతుంది, షుగరు ఉంటే నొప్పి తెలియను కూడా తెలియదు. సాయంత్రం కూడా వేలు ఉబ్బకుండా ఉన్నప్పుడు, తేలిగ్గా ఎక్కి దిగితేనే పెట్టుకోండి.

ఇక బట్టలు. కూర్చుని వేసుకోవాలి. ఆపరేషన్ అయిన కాలు ముందు తొడగాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. రెండో కాలు బయట ఉన్నప్పుడే బట్ట బాగా వదులుగా ఉంటుంది, మోకాలు ఎక్కువ వంచనక్కర్లేదు. చెయ్యి పాదం దాకా అందదు కాబట్టి పొడవాటి షూహార్న్ (మడమను బూటులోకి జార్చే బద్ద) ఒకటి, చివర కొక్కెం ఉన్న కర్ర ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఆడవాళ్లకు మొదటి నెల నైటీని మించింది లేదు. కానీ రెడీమేడ్ నైటీలు చాలావరకు పాదాల మీద పడతాయి. దర్జీకి ఇచ్చి పిక్క మధ్య దాకా కుట్టించండి. వ్యాయామానికి మోకాలు బయటికి తీయడం సులువు, వాకర్ కాలి కింద అంచు పడదు. పక్కన లోతైన జేబు తప్పకుండా పెట్టించండి. రెండు చేతులూ వాకర్ మీద ఉన్నప్పుడు ఫోను ఎక్కడ పెట్టుకుంటారు? మాత్రలు, కళ్లజోడు కూడా ఆ జేబులోకే. చుడీదార్ వద్దు, ఇరుకు కాళ్లు కట్టు మీద నుంచి లాగడం నరకం. మరీ వెడల్పు పలాజో నడిచేటప్పుడు పాదానికి చుట్టుకుంటుంది. సాదా సల్వార్, కింద అంచు వదులుగా ఉన్నది చాలు.

చీర మానలేనివాళ్లు లోపలి లంగాను ముందు చీలమండకు మూడు అంగుళాలు పైకి కుట్టించుకోండి, చీర దానంతటదే పైకి వస్తుంది. గంజి పెట్టిన కాటన్ చీర కుచ్చిళ్లు ముందుకు పొంగి వాకర్ మధ్యకు వస్తాయి. మెత్తబడిన పాత నేతచీరలు బాగుంటాయి. కుచ్చిళ్లు తక్కువ పెట్టి పిన్ను గుచ్చండి, చెంగు బొడ్లో దోపుకోండి.

మగవాళ్లు లుంగీతో గడిపేయొచ్చనుకుంటారు. కుర్చీలోంచి లేచేటప్పుడు అంచు పాదం కింద పడుతుంది, ముడి ఊడితే చెయ్యి వాకర్ వదిలేస్తుంది. ఎలాస్టిక్ నడుము ఉన్న వదులు నిక్కరు మేలు. బయటికి వెళ్లడానికి పక్కన కింద నుంచి మోకాలి దాకా జిప్పున్న ట్రాక్ ప్యాంటు.

గాటు పక్కన, ముఖ్యంగా బయటివైపు, చర్మం మొద్దుబారి ఉంటుంది. కోసేటప్పుడు అక్కడి సన్నటి నరం కొమ్మలు తెగడం వల్ల. బట్ట కుట్టు అంచు ఒరుసుకున్నా తెలియదు కాబట్టి రోజూ కళ్లతో చూసుకోవాలి. కట్టుకు తగిలేది లేతరంగు కాటన్ అయితే చెమ్మ గానీ రక్తపు చుక్క గానీ వెంటనే కనబడుతుంది.

రక్తం గడ్డకట్టకుండా డాక్టరు బిగుతు మేజోళ్లు రాస్తే, పై అంచు ఎప్పుడూ కిందికి మడవకండి. మడిచిన చోట రెట్టింపు బిగుతై తాడు కట్టినట్టవుతుంది. ముడతలు లేకుండా సరిచేయాలి, రోజూ తీసి మడమ చూసుకోవాలి. మేజోళ్లతో నేలమీద నడవొద్దు, పైన చెప్పులుండాలి. మంచం మీద మడమ జార్చే వ్యాయామానికి మాత్రం మేజోడు పనికొస్తుంది: కింద ప్లాస్టిక్ కవరు పరిస్తే కాలు సులువుగా జారి మోకాలు వంగుతుంది.

రాత్రంతా కాలు ఎత్తులో పెట్టుకున్నా పొద్దుటికి వాపు తగ్గకపోతే, పిక్కలో నొప్పి, ఎరుపు, వేడి కనబడితే, గాటు నుంచి చీము కారితే, అది చెప్పుల బిగుతని సర్దుకోకండి. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే నేరుగా ఆసుపత్రికే.

మూడో నెల చివర మళ్లీ కాగితం మీద పాదాలు గీయించి పాత గీతతో పోల్చి చూడండి. వెల్‌క్రో చివరిదాకా బిగించినా మడమ లేస్తోందంటే ఆ జత ఇక మీకు పెద్దది.