డబుల్స్ ఆడినవాడు తానొక్కడే ఏం గెలిచాడో చెప్పాలట!

పాస్‌పోర్టులో వీసా ముద్ర పడి వారం కూడా కాలేదు. కోపం చల్లారకముందే రాయాలని కూర్చున్నాను. చల్లారాక రాస్తే అందరినీ క్షమించేస్తానేమోనని భయం.

నాది విజయవాడ. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం జట్టుకు ఆడుతూ డిగ్రీ పూర్తి చేశాను. ఆ తర్వాత కొన్నేళ్లు ప్రొఫెషనల్ టెన్నిస్‌లో డబుల్స్ ఆడాను. ఇప్పుడు అక్కడే మరో విశ్వవిద్యాలయంలో పురుషుల జట్టుకు సహాయ కోచ్‌గా వెళ్తున్నాను. చెప్పుకుంటే మూడు వాక్యాలు. మూడో వాక్యం నిజం కావడానికే ప్రాణం తోడేశారు.

డబుల్స్‌లోకి ఎందుకు వెళ్లావని అడిగేవాళ్లకు ముందు ఒక లెక్క. నేను ఆడిన రోజుల్లో ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) సర్క్యూట్‌లో అట్టడుగు మెట్టయిన ఎం15 టోర్నీలో సింగిల్స్ విజేతకు 2,160 డాలర్లు. డబుల్స్ గెలిచిన జోడీకి ఇద్దరికీ కలిపి 930. పంచుకుంటే మనిషికి 465. అందులోంచే పన్ను, హోటల్ గది, రాకెట్ తీగలు, వెనక్కి రావడానికి టికెట్. డబ్బు కోసం ఎవరూ డబుల్స్ ఆడరు. నా సర్వీస్ సింగిల్స్‌కు చాలదు, నెట్ దగ్గర నా చేతులు మాత్రం ఎవరికీ తీసిపోవు, అందుకే ఆడాను. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకున్నా సరే, దానికి పై మెట్టయిన చాలెంజర్ టోర్నీల్లో నా వాలీ, అంటే బంతి నేల తాకకముందే నేను కొట్టే దెబ్బ, తిన్నవాళ్లను అడగండి.

ఈ బతుకులో అసలు కష్టం భాగస్వామిని వెతుక్కోవడం. టోర్నీలోకి ప్రవేశం ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసి ఇస్తారు. సింగిల్స్ ర్యాంకు మెరుగ్గా ఉంటే దాన్నే వాడుకోవచ్చు. అంటే సింగిల్స్ ఆడే కుర్రాళ్లు ఇద్దరు సరదాగా పేర్లు ఇచ్చినా, డబుల్సే వృత్తిగా బతికే మనం బయటే నిలబడాల్సి రావచ్చు. అందుకని ప్రతివాడూ తనకన్నా మంచి ర్యాంకు ఉన్నవాడి కోసం చూస్తూనే ఉంటాడు. శనివారం కప్పు పట్టుకుని భుజం మీద చెయ్యేసి ఫొటో దిగినవాడే సోమవారానికల్లా ‘వచ్చే వారం ఇంకొకరితో ఆడుతున్నాను, ఏమనుకోకు’ అని మెసేజ్ పెడతాడు. నన్ను అలా వదిలేసినవాళ్లు ఐదు దేశాల్లో ఉన్నారు. ఇది ఫిర్యాదుగానే చెబుతున్నాను. కానీ ఈ విషయం మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఉద్యోగం తేలిగ్గానే వచ్చింది. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ, దాని పై స్థాయి అయిన డివిజన్-1లో 2023 జూలై నుంచి జీతం లేని స్వచ్ఛంద కోచ్ అనే వర్గాన్ని తీసేశారు. దాంతో చాలా జట్లలో జీతమిచ్చే కుర్చీ ఒకటి పెరిగింది. ఒక ప్రధాన కోచ్‌కు డబుల్స్ తెలిసిన మనిషి కావాల్సి వచ్చింది. వీడియోలో మాట్లాడారు, క్యాంపస్ పెద్దలు ఇంకోసారి మాట్లాడారు, అయిపోయింది.

డబుల్స్ మనిషే ఎందుకు కావాలో తెలియనివారికి: అక్కడ జట్టు మ్యాచ్ డబుల్స్‌తోనే మొదలవుతుంది. మూడు కోర్టుల్లో మూడు జోడీలు ఒకేసారి, ఆరు గేముల ఒక్క సెట్. రెండు కోర్టులు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్‌కు ఆరు పాయింట్లు. ముందు నాలుగు చేరినవాళ్లది మ్యాచ్. ఆ మొదటి పాయింటు పోతే ఆరు సింగిల్స్‌లో నాలుగు గెలిచి తీరాలి. పురుషుల విభాగంలో సర్వీస్ బంతి నెట్‌కు తగిలి లోపల పడినా ఆట ఆగదు, ఆడాల్సిందే. పక్క కోర్టులో జట్టు సభ్యులు గొంతు చించుకుంటూ ఉంటారు. మహేశ్ భూపతి ఈ గోలలోంచి వచ్చినవాడే. మిసిసిపి విశ్వవిద్యాలయం తరఫున అలీ హమాదేతో కలిసి 1995లో ఎన్‌సీఏఏ డబుల్స్ గెలిచాడు. అమెరికా డబుల్స్ దిగ్గజాలైన కవలలు బ్రయాన్ సోదరులు స్టాన్‌ఫర్డ్ తరఫున 1998లో గెలిచారు.

ఇక వీసా. విశ్వవిద్యాలయాలకు హెచ్-1బీ లాటరీ బెడద లేదు కాబట్టి అదే వస్తుందనుకున్నాను. లాయరు కాదన్నారు. ఫలానా సబ్జెక్టులో డిగ్రీ ఉంటేనే చేయగల పని అని చూపితే తప్ప హెచ్-1బీ ఇవ్వరు, కోచ్ ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుందని ప్రకటనలోనే రాసి ఉంది. కాబట్టి ఓ-1కు వెళ్లాలి, అంటే అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల వీసా. ఆ మాట వినగానే మా నాన్న నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశారు.

పెద్ద అంతర్జాతీయ పురస్కారమేదీ లేనివాళ్లు ఎనిమిది ప్రమాణాల్లో కనీసం మూడు చూపించాలి. పురస్కారాలు, పత్రికల్లో వచ్చిన వార్తలు, పేరున్న సంస్థల్లో కీలక పాత్ర, ఇలాంటివి. ఆటకు సంబంధించిన సంఘం నుంచి అభిప్రాయ లేఖ కూడా జతచేయాలి. తెలుగు పత్రికల కత్తిరింపులకు ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం ఉండాలి. మా అమ్మ దాచిన కత్తిరింపుల్లో బాగున్నది జిల్లా ఎడిషన్‌లో వచ్చినది. నాలుగు కాలమ్‌ల ఫొటో, నా భాగస్వామి కప్పెత్తి నవ్వుతున్నాడు. నేను కూడా ఉన్నాను. మోచేయి, దానికి కట్టుకున్న నీలం పట్టీ.

రాష్ట్రానికి ఆడినట్టు ధ్రువపత్రం కోసం మన దగ్గర ఒక క్రీడా కార్యాలయానికి వెళ్లాను. పేరు చెప్పను. అక్కడి పెద్దమనిషి ఫైలు తెరవకుండానే అడిగారు.

“సింగిల్స్ ర్యాంకు ఎంత బాబూ?”

“సింగిల్స్ మానేశానండీ. డబుల్స్‌లో నూటయాభై లోపలికి వెళ్లాను.”

“ఓహో, డబుల్సేనా.”

ఆ ‘సేనా’ దగ్గర గదిలో ఉన్న ఇద్దరు తలెత్తి చూశారు. మన దేశానికి సీనియర్ గ్రాండ్‌స్లామ్ టైటిల్ అంటూ వచ్చిందంతా డబుల్స్‌లోనే. సానియా మీర్జా ఆరూ డబుల్స్, మిక్స్‌డ్‌లలోనే. 1999లో పేస్, భూపతి జోడీ నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ ఫైనల్ చేరి రెండు గెలిచింది. బోపన్న 2024లో నలభై మూడేళ్ల వయసులో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అలబామా విశ్వవిద్యాలయంలో ఆడివచ్చిన మన సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడల్లో సానియాతో స్వర్ణం, సనమ్ సింగ్‌తో రజతం తెచ్చాడు. ఇవన్నీ గోడ మీద ఫొటోలుగా పెట్టుకున్న గదిలో కూర్చుని ‘డబుల్సేనా’ అనడానికి గుండె ధైర్యం కావాలి. ఈ జబ్బు ఆ గదిదొక్కటే కాదు, మన ఇళ్లదీ. పెళ్లిచూపుల్లో కూడా ‘సింగిల్స్ ఆడడా అబ్బాయి?’ అని అడిగినవాళ్లున్నారు.

సరే, చాలా తిప్పి చివరకు పత్రం ఇచ్చారు. బయటికి వచ్చి చదువుకుంటే అందులో నా భాగస్వామి పేరు పూర్తిగా, తండ్రి పేరుతో సహా ఉంది. నేను ‘మరియు సహచర క్రీడాకారుడు’. వెనక్కి వెళ్లి చూపించాను.

“ఇద్దరూ కలిసేగా గెలిచింది? ఎవరి పేరు ఉంటే ఏమిటి బాబూ?” అన్నారాయన, నిజంగానే అర్థంకానట్టు. కొత్త పత్రం ఇవ్వాలంటే సంతకం పెట్టే అధికారి ఊళ్లో లేరు. ఆయన ఊళ్లో ఉన్నప్పుడు లెటర్‌హెడ్లు లేవు. ఆ రెండూ ఒకే రోజు కలిసేదాకా తిరిగాను.

అన్నీ కట్టగట్టి పంపాం. అదనపు రుసుము కడితే పదిహేను పనిదినాల్లో తేలుస్తామంటారు, కట్టాం. అన్నమాట ప్రకారం గడువులోనే జవాబు వచ్చింది. మంజూరు కాదు, మరిన్ని ఆధారాలు అడుగుతూ నోటీసు. గడువులోగా ప్రశ్న అడిగినా తేల్చినట్టే లెక్కట! డబ్బు కట్టి వేగంగా తెప్పించుకున్న ప్రశ్నలు రెండు. ఒకటి: మీరు చూపిన విజయాలన్నీ ఇద్దరివి, అందులో మీ ఒక్కరి ప్రతిభ ఎంతో విడిగా నిరూపించండి. రెండు: ఇవి ఆటగాడి విజయాలు, మీరు చేయబోయేది కోచ్ ఉద్యోగం, ఆ రెండింటికీ సంబంధమేమిటి?

ఒక దేశంలో ఎవరి పేరైతే ఏమన్నారు, ఇంకో దేశంలో నీ వాటా ముక్క కోసి తూకం వేసి చూపించమన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మా లాయరు న్యూజెర్సీలో ఉండే తెలుగావిడ. టెన్నిస్ తెలియదు, అదే మంచిదయింది. “మీరు గెలిచిన పాయింటు ఒకటి చెప్పండి, ఎవరు ఏం చేశారో విడదీద్దాం” అన్నారు. చెప్పాను. చాలెంజర్ సెమీఫైనల్, మూడో సెట్‌కు బదులు పది పాయింట్లకు ఆడే సూపర్ టైబ్రేక్, 9-9. భాగస్వామి సర్వీస్ చేయబోతున్నాడు. నేను నెట్ దగ్గర వంగి, వీపు వెనక చేత్తో సైగ చేశాను, అంటే నేను అడ్డం వస్తున్నాను, వెనక ఖాళీ నువ్వు చూసుకో అని. అతను శరీరం మీదికి కొట్టాడు, రిటర్న్ క్రాస్‌గా వచ్చింది, నేను అప్పటికే అక్కడ ఉన్నాను. అవతలివాడి కాళ్ల దగ్గర వాలీ.

“అయితే ఆ పాయింటు మీదే కదా?”

“అతను అలా సర్వీస్ చేయకపోతే బంతి నా వైపు రాదండీ. ఇద్దరిదీ.”

“అలా అంటే కేసు పోతుంది” అన్నారు. ఆవిడ నవ్వలేదు.

దారి చూపించింది కూడా ఆవిడే. డబుల్స్ ర్యాంకు జోడీకి ఇస్తారా, మనిషికా అని అడిగారు. మనిషికే. ఇద్దరి ఖాతాలోనూ విడివిడిగా పడతాయి పాయింట్లు, అందుకే ఒకే జోడీలో ఇద్దరి ర్యాంకులూ వేరుగా ఉంటాయి. “మరి టైటిళ్లు ఎంతమందితో గెలిచారు?” నేను సిగ్గుపడుతూ జాబితా చెప్పాను. ఒక్కొక్కటి ఒక్కొక్కరితో. ప్రతివాడూ వదిలేసి పోయినవాడే. ఆవిడ కుర్చీలో ముందుకు జరిగారు. “మనుషులు మారారు, గెలుపు మారలేదు. అన్నింటిలోనూ ఉన్నది మీరొక్కరే.” అదే మా జవాబుకు వెన్నెముక అయింది. నన్ను మెసేజ్‌లో వదిలేసినవాళ్లందరికీ మళ్లీ మెసేజ్‌లు పెట్టాను, లేఖ రాసివ్వమని. ఒకడు తప్ప అందరూ ఇచ్చారు. ఆ ఒకడు చదివి కూడా జవాబివ్వలేదు. జిల్లా ఎడిషన్‌లో కప్పెత్తి నవ్వుతున్నది వాడే.

రెండో ప్రశ్న ఇంకా చేదు. దీనికి పాత తీర్పుల దన్ను కూడా ఉంది. కొరియా బేస్‌బాల్‌లో పెద్ద పేరున్న లీ మాన్ సూ షికాగోలో కోచ్‌గా పనిచేస్తూ గ్రీన్‌కార్డు అడిగితే, ఆడటం వేరు, నేర్పడం వేరన్న వలస అధికారుల వాదనను 2002లో కోర్టు సమర్థించింది. అంత మనిషికే అలా అయితే నా మోచేయి ఏపాటిది? గాయాలతో ఇంటిదగ్గర ఉన్న నెలల్లో విజయవాడలో పిల్లలకు డబుల్స్ నేర్పేవాణ్ని, చేతి ఖర్చులకు. ఆ పిల్లల్లో ఇద్దరు తర్వాత అమెరికా కాలేజీ జట్లలో చేరారు. వాళ్ల ప్రస్తుత కోచ్‌ల లేఖలు, పాత ఫీజు రసీదులు, ప్రాక్టీసు వీడియోలు అన్నీ పోగుచేశాం. ఇలాంటి నోటీసుకు గరిష్ఠంగా 84 రోజులు ఇవ్వవచ్చు. మాకు దాదాపు అన్నీ పట్టాయి.

మంజూరైంది. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ రెండు నిమిషాలు. ఫోర్‌హ్యాండ్ కోర్టా, బ్యాక్‌హ్యాండ్ కోర్టా, అంటే కుడివైపు ఆడతావా ఎడమవైపా అని అడిగి పంపించేశారు. టెన్నిస్ తెలిసిన మనిషి మొత్తం వ్యవహారంలో తగిలింది అక్కడే.

ఇప్పుడు సర్క్యూట్‌లో ఉన్న తమ్ముళ్లకు నాలుగు ముక్కలు. భాగస్వామి దగ్గర లేఖ విడిపోయిన వారమే తీసుకోండి, అపరాధభావం తాజాగా ఉంటుంది. టోర్నీ డ్రాలు, స్కోరుకార్డులు ఎప్పటికప్పుడు దాచుకోండి. పిల్లలకు నేర్పి డబ్బు తీసుకుంటే రసీదు ఇవ్వండి, అది మీకే అక్కరకొస్తుంది. పెద్ద ఆటగాళ్ల చుట్టూ లేఖల కోసం తిరగకండి, ఒక్కసారి కలిసినవాడు రాసే రెండు వాక్యాలు ఎందుకూ పనికిరావు. మన దగ్గరి కార్యాలయాల పత్రం గుమ్మం దాటకముందే చదువుకోండి, ముఖ్యంగా పేరు. పత్రికవాళ్లు ఫొటో తీసేటప్పుడు మధ్యలో నిలబడండి.

మా ప్రధాన కోచ్ అప్పుడే జట్టు వివరాలు పంపారు. ఇద్దరు ఎడమచేతివాటం కుర్రాళ్లు, ప్రాణ స్నేహితులట, కలిసే ఆడతామని పట్టు పడుతున్నారు. ఇద్దరికీ బ్యాక్‌హ్యాండ్ కోర్టే కావాలి. ముందు వాళ్లను విడదీయాలి.